పిల్లలకు గుడ్డ ఉయ్యాల: కుట్టింది ఒక పూట, కట్టడానికి పట్టింది మూడు వారాలు

రెండున్నరేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు. ఇద్దరూ చీర ఉయ్యాల వయసు దాటిపోయారు. కొన్న ప్లాస్టిక్ ఉయ్యాల ఎండకి పెళుసెక్కి విరిగింది. అందుకని వరండాలో రెండు స్తంభాల మధ్య, హేమక్ తరహాలో రెండు కొసలా కట్టే గుడ్డ ఉయ్యాల ఒకటి ఇంట్లోనే కుట్టాలనుకున్నాం. మాది విజయనగరం. సెప్టెంబరు రెండో వారంలో గుడ్డ కొన్నాం. దసరా తరవాత వచ్చే సిరిమాను పండగ ముందు శనివారం పిల్లలు ఎక్కారు. మధ్యలో ఏం జరిగిందో, ఎక్కడ ఎంత అయిందో రాస్తున్నాను. కుట్టుపని గురించి అందరూ అడుగుతారు గానీ అందులో పెద్ద కష్టం లేదు. కొసలు, తాడు, కట్టే చోటు, ఈ మూడే తిప్పలు పెడతాయి.

ముందు ఒక మాట. ఇది నెలల బిడ్డను పడుకోబెట్టేది కాదు. వంపు తిరిగిన గుడ్డలో పసిబిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి సరిగా ఆడదు. ఏడాది లోపు వాళ్ళకి గట్టిగా, సమంగా ఉన్న పక్కే సరైంది. ఇది తనంతట తాను ఎక్కి దిగగల పిల్లలకి, పక్కన పెద్దవాళ్ళు ఉన్నప్పుడు, ఒక్కసారికి ఒక్కరికే.

గుడ్డ దగ్గర మొదలు పెడతాను. గంటస్తంభం దగ్గర బట్టల కొట్లో అడిగితే ఆయన నవ్వేశాడు. "ఏటమ్మా, పిల్లలకి ఉయ్యాలంటే పాత చీర కట్టీడమే గదా, గుడ్డ కొనడమేటి?" అన్నాడు. చీరతో చిక్కేమిటంటే, వాడి వాడి పలచబడిన నూలు చీర మడత పడ్డ చోటే, అంటే ముడి దగ్గరే చిరుగుతుంది. పట్టు, సిల్కు రకాలైతే ముడి జారుతుంది. పైగా చీర ఉయ్యాల ఒకే కొక్కేనికి వేలాడుతుంది కాబట్టి గిరగిరా మెలి తిరుగుతుంది. ఎక్కి నిలబడి గెంతే వయసులో ఆ మెలి మంచిది కాదు.

వల ఉయ్యాల వద్దనుకోవడానికీ కారణం ఉంది. సన్నటి దారంతో అల్లిన వలల్లో వేళ్ళు, గుండీలు ఇరుక్కుంటాయి, ఒక్కోసారి మెడ కూడా. 1996లో అమెరికాలో, కొసల దగ్గర వలని విప్పి పట్టే అడ్డకర్ర లేని చిన్న వల ఉయ్యాలల్లో పిల్లలు చుట్టుకుపోయి చనిపోయారని వాటిని లక్షల సంఖ్యలో వెనక్కి తీసుకున్నారు. అడ్డకర్ర ఉన్నవైతే మరో బాధ: బరువు ఒక పక్కకి పోగానే మొత్తం బోర్లా పడతాయి. అందుకే అడ్డకర్ర లేకుండా, వల లేకుండా, నిండు గుడ్డ.

కొన్నది నూలు డ్రిల్, 44 అంగుళాల పన్నా, 2 మీటర్ల 30 సెంటీమీటర్లు, మీటరు 190 రూపాయలు. యూనిఫాం ప్యాంట్లకు కుడతారే, ఆ రకం. పొందూరు ఖద్దరు పక్క జిల్లాలోనే దొరుకుతుంది గానీ, అంత సన్నటి నూలు ఒంటి మీదకే బాగుంటుంది, బరువు మోయడానికి కాదు. టెరికాటన్ అయితే చెమటకి ఒంటికి అంటుకుంటుంది. కాన్వాస్ కూడా చూశాం. బలంగా ఉంది గానీ, ఇంటి మిషను మీద మూడు మడతలు పడితే సూది దిగదు.

కొట్లో చూడాల్సినవి రెండు. గుడ్డని వెలుతురుకి పట్టుకుంటే నేత సందుల్లోంచి వెలుతురు చుక్కలు కనిపించకూడదు. తరవాత అంచుకి సమాంతరంగా, అడ్డంగా, రెండు వైపులా లాగి చూడాలి. అంచు వెంట వెళ్ళేది పడుగు, అది తక్కువ సాగుతుంది. ఉయ్యాల పొడవు ఎప్పుడూ పడుగు వైపే రావాలి. గుడ్డ మిగులుతుంది కదా అని అడ్డంగా కత్తిరిస్తే నెల తిరిగేసరికి జోలెలా సాగిపోయి నేలకి తగులుతుంది.

కత్తిరించే ముందు ఉతకాలి. వేడి నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, పిండకుండా ఆరేశాం. వానలు పడుతున్నాయేమో, ఆ మందం గుడ్డ పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఆరాక కొలిస్తే పొడవులో దాదాపు పది సెంటీమీటర్లు తగ్గింది. ఈ పది సెంటీమీటర్లు కుట్టాక తగ్గి ఉంటే అంచులు, మధ్య భాగం వేరువేరుగా ముడుచుకుని కుట్లన్నీ లాగేసేవి.

కొలతలు ఇవి. తయారయ్యాక పొడవు 180, వెడల్పు 100 సెంటీమీటర్లు. దానికి కత్తిరించింది 196 పొడవు, 106 వెడల్పు. పక్కల రెండు వైపులా ఒకటిన్నర చొప్పున రెండు మడతలు. కొసల్లో ముందు 2, తరవాత 6 సెంటీమీటర్లు మడిచి కుడితే తాడు దూరడానికి లంగా బొందు మడత లాంటిది వస్తుంది. ఆ మడత లోపల అదే గుడ్డలో మిగిలిన ముక్క అస్తరుగా వేశాం. తాడు ఒరుసుకునేది అక్కడే. ఉయ్యాల చిరిగితే నడుం దగ్గర చిరగదు, కొసలోనే చిరుగుతుంది.

దారం పాలిస్టర్. నూలు దారం ఎండకీ చెమటకీ ఏడాదిలో పుచ్చిపోతుంది, గుడ్డ బాగానే ఉండి కుట్టు విడిపోతుంది. రంగు మాత్రం గుడ్డకి కలిసేది కాదు, కొట్టొచ్చినట్టు కనిపించేది తీసుకోండి. నీలం గుడ్డ మీద పసుపు దారం వేస్తే, ఒక్క కుట్టు తెగినా దూరం నుంచే తెలుస్తుంది. అందం సంగతి పిల్లలు అడగరు.

సూది 18 నంబరు. రవికలు కుట్టే 14తో మొదలుపెడితే మూడో మడత దగ్గర సూది వంగి కుట్టు తప్పుతుంది. కుట్టు పొడవు మూడు, మూడున్నర మిల్లీమీటర్లు. చిన్న కుట్టు బలమని చాలామంది అనుకుంటారు. మందపు గుడ్డ మీద చిన్న కుట్లు వేస్తే వరసగా చిల్లులు పొడిచినట్టే, లాగితే ఆ గీత వెంట చిరుగుతుంది. కొస మడతలకి మూడు వరసలు, వరసకీ వరసకీ అర సెంటీమీటరు ఎడం, మొదటా చివరా వెనక్కి ముందుకి రెండుసార్లు.

ఇక పక్కల పట్టీ. పిల్లలు దొర్లి పడకుండా కాపాడేది ఇదే. బ్యాగులకి వేసే అంగుళం వెడల్పు పట్టీ నాలుగు మీటర్లు తెచ్చాం. ఒక్కో పక్కకి పట్టీ పొడవు 174, గుడ్డ 180. ఆ ఆరు సెంటీమీటర్ల తేడా వల్ల అంచు బిగుసుకుని పైకి లేస్తుంది, మధ్యది లోతుగా ఉంటుంది, పిల్ల నడుమనే కూర్చుంటుంది. తేడా పది దాటితే అంచులు ముఖం మీదకి మూసుకుపోతాయి, అది ఇంకా ప్రమాదం. ఆరు సరిపోయింది.

ఎక్కువ గుడ్డని తక్కువ పట్టీకి కుట్టడం ఎలాగంటే, రెండింటినీ ఎనిమిదేసి భాగాలు చేసి సుద్దతో గుర్తులు పెట్టుకోవాలి. గుర్తుకి గుర్తు కలిపి కచ్చా కుట్టు వేసుకోవాలి. మిషను మీద పెట్టేటప్పుడు గుడ్డ కింద, పట్టీ పైన. మిషను కింద పళ్ళు కింది పొరని కాస్త ఎక్కువగా లాక్కుంటాయి కాబట్టి మిగులు గుడ్డ దానంతటదే సర్దుకుంటుంది. తిరగేసి పెడితే ప్రతి గుర్తు దగ్గరా గుడ్డ ఉబ్బి మడత పడుతుంది.

ఇంతవరకు ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టి దీపాలవేళకి అయిపోయింది. ఆగిపోయింది మూలల దగ్గర. అక్కడ పట్టీ, పక్క మడత, కొస మడత, అస్తరు అన్నీ ఒక చోట చేరతాయి. కాలితో తొక్కే మన ఇంటి మిషను మీద ఆ మందంలో గుడ్డని నొక్కిపట్టే మిషను పాదం ముందు వైపు పైకి లేచిపోతుంది, సూది విరుగుతుంది. పాదం వెనక అంతే మందం గుడ్డ మడిచి పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ కుడితే ఒక వరస పడుతుంది. మూడు పడవు. ఆ నాలుగు మూలలూ ఆటో సీటు కవర్లు కుట్టే షాపుకి ఇచ్చాం.

అసలు నిరీక్షణ అక్కడ మొదలైంది. దసరాకి ఆయుధపూజ ఉంటుంది కదా, అప్పటికి ప్రతి ఆటోకీ కొత్త కవర్లు. "రేపు రండమ్మా" అన్న మాటతోనే దాదాపు పది రోజులు గడిచాయి. పని పది నిమిషాలది. అది తెలుసు కాబట్టే చిరాకు ఎక్కువ. ఇంట్లో బాబు రోజూ "ఉయ్యాలొచ్చీసిందా" అని అడగడం మరోవైపు. పండగ ముందు ఇవ్వకుండా ఉంటే మంచిది, లేదా ఎదురుగా నిలబడి చేయించుకోవాలి. నాలుగు మూలలకి, స్తంభాలకి చుట్టే నవారు కొసలకి కలిపి 150 తీసుకున్నారు. నవారు కొస మడిచి, పెట్టె ఆకారంలో చుట్టూ కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేయమని చెప్పాలి. చెప్పకపోతే ఒక్క అడ్డ కుట్టుతో సరిపెట్టేస్తారు.

గుడ్డ షాపులో ఉన్నన్ని రోజులూ తాడు సంగతి చూశాం. హార్డ్‌వేర్ కొట్లో ఏ ప్లాస్టిక్ తాడైనా "నైలాన్ తాడు" అనే ఇస్తారు. నిగనిగలాడే పసుపు, నీలం తాళ్ళు చాలావరకు పాలీప్రొపిలీన్. భోగాపురం వైపు బెస్తవాళ్ళు వాడేవీ ఎక్కువగా అవే, నీళ్ళలో తేలతాయి గనుక వాళ్ళ పనికి బాగుంటాయి. మనకి పనికిరావు. ఎండకి పొడి రాలుతుంది, ముడి నున్నగా జారిపోతుంది. చిన్న ముక్క అడిగి తెచ్చుకుని బకెట్లో వేస్తే తెలిసిపోతుంది: తేలితే పాలీప్రొపిలీనో అలాంటిదో, మునిగితే నైలానో పాలిస్టరో. ఆ రెండింట్లో నైలాన్ బరువుకి బాగా సాగుతుంది, పాలిస్టర్ తక్కువ. కొబ్బరి తాడు పీచు గుచ్చుకుంటుంది, తడిస్తే లోపల్నుంచి కుళ్ళుతుంది, పైకి తెలీదు. మేం తీసుకున్నది 8 మిల్లీమీటర్ల అల్లిక పాలిస్టర్ తాడు, మీటరు 28 చొప్పున ఆరు మీటర్లు. కొసలు కొవ్వొత్తి మీద కరిగించి అతికించాలి, లేకపోతే అల్లిక విడిపోతుంది.

కట్టే చోటు గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అత్తయ్యగారు హాల్లో గోడకి కొక్కేలు కొట్టించమన్నారు. మేస్త్రీ వచ్చి గోడ తట్టి చూసి ఇటుక గోడకి వద్దనేశాడు, అది నిజమే. ఈ ఉయ్యాల కొక్కేన్ని కిందకి కన్నా గదిలోకే ఎక్కువ లాగుతుంది. ఇటుక సందులో సిమెంటు ఆ లాగుడికి వదులైపోతుంది. కిటికీ ఊచలు, తలుపు చట్రం కూడా అంతే. స్లాబుకి కట్టొచ్చు గానీ పదడుగుల ఎత్తు నుంచి అంత పొడవు తాళ్ళంటే ఉయ్యాల గది ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది. మిగిలింది వరండాలో సిమెంటు స్తంభాలు, మధ్య మూడు మీటర్ల ఎడం. దీనికి చిల్లులు కొట్టనక్కర లేదు.

ఎత్తు ఊహతో కట్టకండి, లెక్క ఉంది. తాడు నేలకి సమాంతరంగా ఉన్న గీతతో 30 డిగ్రీల కోణంలో ఉండాలి. అప్పుడు ఒక్కో తాడు మీద పడే లాగుడు లోపలున్న బరువుకి సమానం. 15 కిలోల పిల్ల కూర్చుంటే ఒక్కో స్తంభం వైపు 15 కిలోలు. బిగుతుగా ఉంటే బాగుంటుందని 10 డిగ్రీలకి లాగి కట్టారనుకోండి, ఒక్కో తాడు మీద దాదాపు మూడింతలు, 43 కిలోలు పడుతుంది. బిగించి కట్టిన ఉయ్యాల తిరగబడేదీ ఎక్కువే. కొసకీ కొసకీ మధ్య దూరం గుడ్డ పొడవులో 83 శాతం ఉంటే వంపు హాయిగా వస్తుంది. 180కి 150 సెంటీమీటర్లు. మూడు మీటర్లలో అది పోతే రెండు వైపులా 75 చొప్పున మిగిలింది. 30 డిగ్రీలకి తాడు 87 సెంటీమీటర్లు, అది పైకి ఎక్కే ఎత్తు 43. గుడ్డ వంపు 45 దాకా. కూర్చునే చోటు నేలకి 45 ఎత్తులో ఉండాలనుకుంటే స్తంభానికి కట్టాల్సింది 133 సెంటీమీటర్ల దగ్గర. మేం 135 దగ్గర గీత పెట్టుకున్నాం.

స్తంభానికి నేరుగా తాడు చుట్టకండి. మూలలు తాడుని కోస్తాయి, తాడు రంగుని గీకుతుంది. నైలాన్ నవారు ఒక్కో స్తంభానికి రెండున్నర మీటర్లు, రెండు చుట్లు. ఒక్క చుట్టయితే నున్నటి పెయింటు మీద కిందకి జారుతుంది. రెండు చుట్లు ఒకదాన్నొకటి బిగబట్టుకుంటాయి. మూలల దగ్గర నవారు కింద గోనె ముక్కలు పెట్టాం. నవారు రెండు కొసల్లో కుట్టించిన కళ్ళనీ (మడత ఉచ్చులనీ) ఒక డి షాకిల్‌లో, అంటే మర మేకుతో మూసే డి ఆకారపు ఇనుప కడియంలో దూర్చి, దానికి తాడు. ఎస్ కొక్కేలు చవకే గానీ, పిల్లలు గెంతినప్పుడు తాడు వదులై కొక్కెం నోట్లోంచి బయటికొచ్చేస్తుంది. షాకిల్ ఒక్కోటి 45, స్తంభాల వైపు రెండు, గుడ్డ వైపు రెండు, నాలుగు కావాలి. ఊగుడుకి షాకిల్ మేకు నెమ్మదిగా మర తిరిగి వదులవుతుంది. స్తంభం వైపున్న రెండింటికీ మేకు కంట్లోంచి కేబుల్ టై బిగించేశాం. గుడ్డ వైపువి రోజూ విప్పేవి కాబట్టి ఎక్కించే ముందు వేళ్ళతో తిప్పి చూసుకోవాలి.

కొస మడతలో 70 సెంటీమీటర్ల తాడు దూర్చి, గుడ్డని పూర్తిగా కుచ్చుగా లాగి, బిగుతుగా చిన్న ఉంగరంలా కట్టాలి. పిల్లల ఆటస్థలాల్లో ఉయ్యాలలు, జారుడుబల్లల లాంటి వాటికి పాటించే కొలత ఒకటుంది: 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య ఏ సందూ ఉండకూడదు. ఆ సందులో ఒళ్ళు దూరి తల ఇరుక్కుంటుంది. మన ఉంగరం, మన ముడి కళ్ళు అన్నీ 9 కన్నా చిన్నవే ఉండాలి. ముడి వేశాక కొస కనీసం పది సెంటీమీటర్లు వదిలి, దాన్ని తాడుకే టేపుతో చుట్టేయాలి, వేలాడనివ్వకూడదు. ఏ ముడైనా తాడు బలాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుందని లెక్క వేసుకోవాలి, 8 మిల్లీమీటర్ల తాడు అందుకే. పిల్లల బరువుకి 4 మిల్లీమీటర్ల తాడు చాలని కొట్టువాడు అన్నాడు. బరువుకి చాలుతుంది. కానీ సన్న తాడు చేతిని కోస్తుంది, మెడకి తగిలితే మరీ.

పిల్లల కన్నా ముందు బియ్యం బస్తాలు ఎక్కాయి. 25 కిలోలవి మూడు, ఒకదాని తరవాత ఒకటి. ఇద్దరిలో పెద్దవాడు 17 కిలోలు. గెంతితే ఆ బరువు రెండు మూడింతల దెబ్బగా పడుతుంది, అందుకే 75. రాత్రంతా వదిలేశాం. తెల్లారి చూస్తే కుట్టు ఒక్కటీ కదల్లేదు గానీ, కింద భాగం నేల వైపు దాదాపు పది సెంటీమీటర్లు దిగింది. భయపడక్కర్లేదు, ముడులు బిగుసుకుంటాయి, నవారు సర్దుకుంటుంది, గుడ్డ తన వంపు తీసుకుంటుంది. ముడులు విప్పి మళ్ళీ ఎత్తు సరిచేసి, బస్తాలు ఇంకో రాత్రి. రెండోసారి వేలెడు కూడా దిగలేదు.

శనివారం పొద్దున్న కింద పాత దూది పరుపు వేసి, పాపని కూర్చోబెట్టాం. బస్తాలు మోసింది కళ్ళారా చూసినా, ఆ మొదటి నిమిషం చెయ్యి గుడ్డ కిందే ఉంది, తీయబుద్ధి కాలేదు. పాప మాత్రం అంచులు పట్టుకుని "ఊపు" అంది. బాబు ఎక్కిన వెంటనే నిలబడ్డాడు. నిలబడితే బరువు పైకి పోయి గుడ్డ పక్కకి తప్పుకుంటుంది. కూర్చోవడం, పడుకోవడం తప్ప నిలబడకూడదన్న నియమం మొదటి రోజే పెట్టాలి.

ఎవరూ చెప్పని సంగతి ఒకటి సాయంత్రం తెలిసింది. స్తంభం నుంచి గుడ్డ దాకా వెళ్ళే తాడు నేలకి 90 నుంచి 135 సెంటీమీటర్ల మధ్యలో ఉంటుంది. పరిగెత్తుకొచ్చే పిల్లల మెడ ఎత్తు సరిగ్గా అది. మసక చీకట్లో అసలు కనబడదు. వీధి పిల్లలందరూ మా వరండాలోంచే పరిగెడతారు. అందుకే వాడుక అయిన వెంటనే గుడ్డ వైపు షాకిళ్ళు విప్పి ఉయ్యాల లోపల పెడుతున్నాం, తాళ్ళు స్తంభానికే చుట్టేస్తున్నాం. విప్పడం అర నిమిషం పని. శాశ్వతంగా కట్టేసే ఏర్పాటైతే వరండాలో వద్దు.

ఖర్చు: గుడ్డ 437, దారం 70, సూదులు 45, పట్టీ 80, తాడు 168, నవారు 110, షాకిళ్ళు 180, సీటు కవర్ల షాపు 150. మొత్తం 1,240 రూపాయలు.

లోపల పెట్టేటప్పుడు మడిచి అటక మీద వేయకండి, నూలు గుడ్డని ఎలుకలు ఊరికే వదలవు, మన వానలకి బూజు కూడా. మేకుకి తగిలిస్తే చాలు. ఉతికేటప్పుడు కొసల తాళ్ళు తీసేసి ఉతికి, నీడలో ఆరేయాలి. మొదటి ఉతుకు తరవాత మాది మళ్ళీ సెంటీమీటరున్నర తగ్గింది, ఎత్తు ఒక్కసారి సరిచేసుకుంటే సరిపోయింది. నెలకోసారి కొస మడతని తిరగేసి పసుపు దారం చూడండి, తాడుని చేత్తో తడిమి నూగు లేచిందేమో చూడండి. నూగు లేచిన తాడు మార్చేయడమే, ముడి ఇంకో చోట వేసి వాడొద్దు. 28 రూపాయల మీటరు అది.